పాదాలకు చదువు చెప్పిన గురువు – వెంపటి చినసత్యం

ప్రతి ఏటా వార్షికోత్సవం దగ్గర పడగానే మన హాస్టల్ వరండాలో గజ్జెల చప్పుడు మొదలవుతుంది. రెండో రోజుకే మడమలు పట్టేశాయని సగం మంది కూర్చుండిపోతారు. అందుకే ఈ సంచికలో కూచిపూడి నాట్యాచార్యులు వెంపటి చినసత్యం గారి గురించి రాయాలనుకున్నాము.

ఆయన 1929 అక్టోబరులో కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో జన్మించారు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో నాట్యం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారి విద్య. సత్యభామ వేషం కూడా మగవారే కట్టేవారు. తాడేపల్లి పేరయ్య శాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గార్ల వద్ద ఆయన శిష్యరికం చేశారు. 1947లో మద్రాసు చేరి, అన్న వరుసైన వెంపటి పెదసత్యం గారికి సినిమా నృత్యాలలో సహాయకుడిగా పనిచేశారు. సినిమాల్లోనే ఉండిపోతే నాలుగు డబ్బులు వచ్చేవేమో. ఆయన మనసు మాత్రం పాఠం చెప్పడం మీదే ఉంది. 1963లో మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు.

అక్కడ ఆయన చేసిన పెద్ద పని, అడవులను ఒక వరుసలో పెట్టి నేర్పడం. అడవులంటే చెట్లు కాదు, నాట్యంలో మొదట నేర్చుకునే అడుగులు! వంశంలో పుట్టి చిన్నప్పటి నుండి చూస్తూ పెరిగిన పిల్లవాడికి వరుస అక్కరలేదు. బయటి నుండి వచ్చిన పిల్లకు అది లేకపోతే దారే లేదు. ఈ ఒక్క మాట కోసమే మేము ఈ వ్యాసం రాస్తున్నామన్నా తప్పులేదు.

పాదం ఎన్ని విధాలుగా వంగాలో నాట్యశాస్త్రం చెప్పింది. మడమ నేలకు ఆనించి వేళ్ళు పైకెత్తితే అంచితం. మడమ ఎత్తి, వేళ్ళు వంచి నిలబడితే కుంచితం. మునివేళ్ళపై లేచి మడమను నేలకు కొడితే ఉద్ఘట్టితం. ఇవన్నీ చీలమండ సాగితేనే వస్తాయి. అరమండిలో మోకాళ్ళు పక్కలకు వంచి కూర్చున్నప్పుడు మడమ లేచిపోతోందంటే పిక్క, చీలమండ ఇంకా బిగుసుకొని ఉన్నాయన్నమాట. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుపై నిలబడి, వేళ్ళతో, మడమతో నొక్కుతూ దాన్ని కదిలించాలి. అది చూసి చప్పట్లు కొడతాం కానీ దాని వెనుక సంవత్సరాల సాధన ఉంటుంది. అందుకే ఒకే అడుగును మొదట నెమ్మదిగా, తరువాత రెట్టింపు వేగంతో, ఆపైన దానికి రెట్టింపుతో మూడు కాలాల్లో చేయిస్తారు. మొదటి కాలం కుదరకుండా మూడో కాలానికి పరుగెత్తితే మడమ బెణకడమే మిగులుతుంది. మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చేసేది సరిగ్గా అదే! పైగా మనది సిమెంటు నేల. అది దెబ్బను పీల్చుకోదు, తిరిగి కాలికే ఇస్తుంది. ముందుగా పాదాలను గుండ్రంగా తిప్పి, పిక్కలు మెల్లగా సాగదీసి, కాళ్ళు వేడెక్కిన తరువాతే గట్టిగా తట్టాలి. ఇంకొకరి చేత పాదం నొక్కించుకొని బలవంతంగా వంచకూడదు. విదేశాల్లో బాలే నేర్పేవారు కూడా ఎముకలు గట్టిపడని చిన్నపిల్లలను మునివేళ్ళ బూట్లపై నిలబెట్టరు.

దుర్గి శిల్పులు చెక్కిన నాట్య విగ్రహాలను చూస్తే పాదం ఎంత వంగాలో కొంత తెలుస్తుంది. ఎలా వంగాలో మాత్రం గురువే చెప్పాలి.

చినసత్యం గారు క్షీరసాగర మథనం, పద్మావతీ శ్రీనివాసం, హరవిలాసం వంటి ఎన్నో నృత్యనాటకాలు కూర్చారు. మాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది చండాలిక. రవీంద్రుని నాటకం ఆధారంగా చేసినది. అంటరానిదని ఊరు దూరం పెట్టిన అమ్మాయిని బౌద్ధ భిక్షువు ఆనందుడు దాహమడిగి నీళ్ళు తాగుతాడు. ఒకప్పుడు కొన్ని ఇళ్ళకే పరిమితమైన నాట్యంలో ఆ అమ్మాయే కథానాయిక అయింది. ఈ విషయం మన హాస్టల్ పిల్లలందరికీ తెలియాలి.

1998లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 2012 జూలై 29న చెన్నైలో కన్నుమూశారు. చండాలిక పాత్రతో పేరు తెచ్చుకున్న ఆయన శిష్యురాలు శోభానాయుడు గారు హైదరాబాదులో 2020లో మరణించే వరకు ఎందరో పిల్లలకు అవే అడుగులు నేర్పారు.