గడ్డిపరకల కవి - వాల్ట్ విట్మన్

1855వ సంవత్సరము జూలై నెల మొదటి దినములలో అమెరికా దేశమున బ్రూక్లిన్ నగరమందలి యొక చిన్న అచ్చుకూటమునుండి పలుచని గ్రంథమొకటి వెలువడెను. దాని పేరు 'లీవ్స్ ఆఫ్ గ్రాస్', అనగా గడ్డిపరకలు. అందున్నవి పండ్రెండు పద్యములు. అచ్చైనవి 795 ప్రతులు. ముఖపత్రముపై గ్రంథకర్త పేరు లేదు. దాని కెదుటి పుటలో పనిబట్టలతో, చొక్కా గుండీ విప్పుకొని నిలిచిన గడ్డపుమనిషి చిత్రము మాత్రమున్నది. అచ్చు ఖర్చు భరించినవాడు ఆ గడ్డపుమనిషియే. కొన్ని పుటలకు అక్షరములు కూర్చినవాడును అతడే.

అతడు వాల్ట్ విట్మన్. 1819 మే 31వ తేదీన లాంగ్ ఐలండులోని వెస్ట్ హిల్స్ గ్రామమున జన్మించెను. తండ్రి వడ్రంగి. పదునొకండేండ్లకే బడి చదువు ముగియగా అచ్చుకూటములో చేరి కూర్పు పని నేర్చెను. 1836 మొదలు కొన్నేండ్లు పల్లెబడులలో ఉపాధ్యాయుడుగ నుండెను గాని ఆ వృత్తి యాతనికి రుచింపలేదు. మన ఉపాధ్యాయ పాఠకులు మన్నింతురు గాక. పిదప పత్రికలలో ప్రవేశించి 1846లో 'బ్రూక్లిన్ డైలీ ఈగిల్'కు సంపాదకుడయ్యెను.

రచయిత తన సొమ్ముతో అచ్చువేసికొన్న పుస్తకమునకు విజ్ఞాన సర్వస్వమున చోటీయదగునా యను వివాదము నేడు అంతర్జాలమందలి సర్వస్వముల విషయమున తరచు వినవచ్చుచున్నది. తన్ను తాను పొగడుకొనుటకే రచయిత ఆ చోటును వాడుకొనునని పలువురి భయము. ఈ భయము ఉత్తది కాదు. విట్మన్ ఏమి చేసెనో చూడుడు. తన గ్రంథమును మెచ్చుకొనుచు తానే మూడు సమీక్షలు వ్రాసి, పేరు పెట్టక మూడు పత్రికలలో ప్రకటించెను! వానిని నమ్మి వ్యాసము వ్రాసినవాడెవడైన నుండినచో నిలువునా మోసపోయి యుండెడివాడు.

అయితే మఱియొక సాక్ష్యము గలదు. ఆ దేశపు పండితులలో అగ్రగణ్యుడైన ఎమర్సన్, కవిని ఎన్నడును చూచి యెఱుగని వాడు, గ్రంథము చదివి 1855 జూలై 21న మనసార మెచ్చుకొనుచు జాబు వ్రాసెను. విట్మన్ దానినైన గౌరవముగా దాచుకొనెనా? లేదు. అనుమతి యడుగకయే పత్రిక కిచ్చెను; 1856 నాటి రెండవ కూర్పు వెన్నుపై అందలి మాటలను బంగారు అక్షరములతో అద్దించెను. ఆ కూర్పు చివర తన్ను తిట్టిన సమీక్షలనుగూడ చేర్చుట మాత్రము మెచ్చదగినది. ఆ తిట్లకున్న విలువ అతని మూడు పొగడ్తలకు లేదు. తిట్టినవారు పుస్తకము చదివిన అన్యులు.

ఇక ప్రకాశకుల సంగతి. 1860లో బోస్టన్ నగరపు యువకులిద్దరు తామై పూనుకొని మూడవ కూర్పు తెచ్చిరి గాని, అచిరకాలముననే దివాలా తీసిరి. అంతర్యుద్ధకాలమున విట్మన్ వాషింగ్టన్ ఆసుపత్రులలో క్షతగాత్రులకు పరిచర్య చేసెను. 1865లో ఈ గ్రంథము కారణముగనే ప్రభుత్వోద్యోగము పోయెను. 1867లో మరల సొంత ఖర్చే. 1881లో ఆస్గుడ్ అను పేరుగన్న ప్రకాశకుడు గ్రంథమును చేపట్టెను. మరుసటి యేడు ప్రభుత్వ న్యాయవాది అశ్లీలమని బెదరింపగా విడిచిపెట్టెను. ప్రకాశకుని ముద్రయే యోగ్యతకు గుర్తైనచో, ఈ గ్రంథము 1881లో యోగ్యమై 1882లో అయోగ్యమైన దనవలెను! ఆ గొడవవలన మాత్రము అమ్మకములు పెరిగెను. ఆ రాబడితో 1884లో పక్షవాత పీడితుడైన కవి కామ్డెన్ పట్టణమున చిన్న యిల్లు కొనుక్కొనెను.

ఈలోగా 1868లోనే ఇంగ్లండున విలియం మైకేల్ రోసెట్టి అతని కవితలనుండి యెంపిక చేసి సంపుటమొకటి వెలువరించి యుండెను. పండ్రెండు పద్యముల పుస్తకము దాదాపు నాలుగువందల పద్యములుగ పెరిగిన పిమ్మట, 1892 మార్చి 26న విట్మన్ ఆ యింటనే కన్నుమూసెను. 1911 నాటి బ్రిటానికా పదునొకండవ కూర్పులో అతని పేర ప్రత్యేక వ్యాసమున్నది.