రోనాల్డ్ రాస్ చూసిన నల్లని రేణువులు

చేవెళ్ల, మొయినాబాద్ బస్సుల్లో వేలాడుతూ కాలేజీకి వచ్చే మన మైక్రోబయాలజీ విద్యార్థులందరికీ గ్రామ్ స్టెయినింగ్ తెలిసిందే. స్లైడు మీద పల్చగా స్మియర్ చేసి, మంటపై చూపి, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, చివరికి సాఫ్రనిన్. మందమైన గోడ ఉన్న బాక్టీరియా ఊదారంగును వదలదు. పల్చని గోడది ఆల్కహాల్ తగలగానే ఊదా పోగొట్టుకొని గులాబీ రంగు పట్టుకుంటుంది. అసలు రంగే వెయ్యకపోతే? నీళ్లలో నీళ్లలాగే ఉండి కంటికి ఆనవు. డెన్మార్కు వైద్యుడు గ్రామ్ ఈ పద్ధతిని 1884లో ప్రకటించాడు.

ఆ తరువాత పదమూడేళ్లకు, మనకు దగ్గర్లోని బేగంపేటలో, ఒక సైనిక వైద్యుడు ఏ రంగూ వెయ్యకుండానే ఒక క్రిమిని పోల్చుకున్నాడు. అది బాక్టీరియా కాదు, మలేరియా పరాన్నజీవి. దాని రంగు అదే తెచ్చుకుంది!

రోనాల్డ్ రాస్ 1857 మే 13న ఆల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. కొడుక్కి కవిత్వం మీద, సంగీతం మీద మోజు. తండ్రి మాట కాదనలేక లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మొదట్లో ఉద్యోగం మొక్కుబడిగానే సాగిందనాలి.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే చూశాడు. రాస్ ఎంత వెతికినా కనబడలేదు. అసలుందా అని అనుమానించాడు కూడా. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించాడు. చూడడం కూడా ఒకరు నేర్పితేనే వస్తుంది మరి. దీన్ని మోసేది దోమ కావచ్చన్న ఊహ కూడా మాన్సన్‌దే.

1895లో రాస్ సికిందరాబాదు చేరాడు. ఎన్ని దోమల్ని కోసినా ఫలితం లేదు. అతనికి దొరికినవి మలేరియాను మోసే జాతివి కావు, ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చిక్కాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 16న పది దోమలు, పది అణాలు. (పాఠ్యపుస్తకాల్లో రాస్ ఉన్నాడు. హుసేన్ ఖాన్ ఎక్కడ?)

ఉక్కపోత. పంకా ఊపితే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, దాదాపు ఆఖరి దోమ కడుపు గోడలో, గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. దోమ కణాల్లో అటువంటివి ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తిన్న పరాన్నజీవి మిగిల్చే ఎంగిలి అది. రోగుల రక్తంలో అతను చూసి చూసి అలవాటైన రేణువులే. మర్నాడు ఇంకో దోమలో కణాలు మరింత పెద్దవైనాయి. అంటే, పెరుగుతున్నాయన్నమాట. డిసెంబరులో ఆ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

అంతలోనే బదిలీ! మలేరియా రోగులే కరువైన రాజపుటానాకు పంపారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరడం చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఘనత ఎవరిదని ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో తగాదా, చివరికి మాన్సన్‌తోనూ చెడింది. నేర్పిన గురువుతో అది తగని పని. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయాడు. బేగంపేటలో అతను పనిచేసిన భవనం అతని పేరుతోనే ఉంది.

నేడు జ్వరం రోగి రక్తాన్ని లీష్మన్, జీమ్సా, లేదా మనవాళ్లు తయారు చేసిన జస్వంత్‌సింగ్-భట్టాచార్జీ స్టెయిన్‌తో చూస్తారు. క్రిమి దేహం నీలంగా, కేంద్రకం ఎర్రగా కనిపిస్తాయి. ముదిరిన క్రిమిలోని ఆ రేణువులు మాత్రం ఏ స్టెయిన్‌కూ లొంగక తమ నల్లని గోధుమరంగులోనే ఉంటాయి.