రోనాల్డ్ రాస్: దోమ నుంచి లెక్క దాకా



1857లో అల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ సైనిక వైద్యుడిగా మన సికింద్రాబాద్‌లో పనిచేశారు. 1897 ఆగస్టు 20న ఇక్కడే దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనానికి ఆయన పేరే పెట్టారు.

ఆయనకు గణితమన్నా ప్రాణమే. 1911లో వచ్చిన పుస్తకంలో మలేరియా వ్యాప్తిని లెక్కగట్టారు. ఈ నెల రోగుల సంఖ్య, దోమల సంఖ్య ఇస్తే వచ్చే నెల రోగుల సంఖ్య వస్తుంది. ఆ జవాబునే మళ్లీ అదే లెక్కకు అందిస్తే ఆపై నెలది తెలుస్తుంది. దోమలన్నిటినీ చంపక్కర్లేదని, ఒక హద్దు కంటే తగ్గిస్తే చాలు, మలేరియా క్రమంగా పోతుందని ఆ లెక్క చూపింది. రాస్ 1932లో కన్నుమూశారు.

పైథాన్ నేర్చుకునే మన పిల్లలు ఫంక్షన్లతో చేసేదీ ఇలాంటిదే. చాలామంది జవాబును ప్రింట్ చేసి ఆగిపోతారు. అది తెరపై కనిపిస్తుంది కానీ తర్వాతి ఫంక్షన్‌కు చేరదు. రిటర్న్ చేస్తేనే చేరుతుంది.

కోడింగ్ రాకపోయినా మీరు ఈ రాత్రి మీ బాబునో పాపనో అడగవచ్చు: నీ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది? ఏం తిరిగిస్తుంది?