మన దేశపు కంప్యూటర్‌కు బాట వేసిన ఎ.ఎస్.రావు గారు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి చదువు కోసమో, కొలువు కోసమో హైదరాబాద్ వెళ్లిన మన హాస్టల్ అన్నలకు ఈసీఐఎల్ చౌరస్తా, ఎ.ఎస్.రావు నగర్ కొత్త పేర్లు కావు. అయితే ఆ కాలనీకి ఎవరి పేరు పెట్టారో ఎందరికి తెలుసు?

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ రావడంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివారు. అంటే పాఠాలు చెప్పిన మనిషి, ముప్పై దాటాక మళ్లీ విద్యార్థి అయ్యారన్నమాట.

తిరిగివచ్చి హోమీ భాభా గారితో కలిసి పనిచేశారు. 1956 ఆగస్టులో ట్రాంబేలో మన తొలి అణు రియాక్టర్ అప్సర మొదలైంది. దానికి ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలను మాత్రం సాంబశివరావు గారి బృందం ఇక్కడే తయారు చేసింది.

1962 చైనా యుద్ధం తర్వాత, ఎలక్ట్రానిక్స్ కోసం పరాయి దేశాల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి అర్థమైంది. 1963లో భాభా అధ్యక్షతన వేసిన కమిటీలో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం గార్లతో పాటు ఈయన కూడా సభ్యులు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా మరణించారు. అయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. దానికి పునాది వేసి నిలబెట్టినవారు ఎ.ఎస్.రావు గారే.

కంప్యూటర్ అంటే విదేశీ కంపెనీ అద్దెకిచ్చే యంత్రం అనుకునే రోజులవి. ట్రాంబేలో మనవాళ్లు రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో సిద్ధమైంది. దాన్ని ఈసీఐఎల్ తయారు చేసి అమ్మింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఈసీ టీవీ సంగతి మన పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది.

అన్నీ విజయాలే అనలేం. ఆ కంప్యూటర్లు విదేశీ యంత్రాల వేగాన్ని అందుకోలేదన్న విమర్శలు వచ్చాయి. 1970ల చివర్లో ప్రైవేటు కంపెనీలు రంగంలోకి దిగాక పోటీలో వెనుకబడ్డాయి. కానీ అక్కడ నేర్చిన పని వృథా పోలేదు. ఈసీఐఎల్‌లో పనిచేసిన ఇంజనీర్లు హైదరాబాద్‌లో సొంత పరిశ్రమలు పెట్టారు. ఆ సంస్థ 1979లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనా తయారు చేసింది. 1982లో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి ఈ యంత్రాలతో ఓట్లు వేశారు. పద్దెనిమిదేళ్లు నిండాక మనం నొక్కే మీట వెనుక ఆ శ్రమ ఉంది.

1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 2003లో కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామంది ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి, అది చిన్న చదువని చిన్నబోతుంటారు. ఎ.ఎస్.రావు గారు కట్టిన సంస్థ ఈనాటికీ ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటోంది. కొనుక్కోవడం డబ్బున్న ఎవరైనా చేస్తారు. తయారు చేయడం నేర్చుకున్నవాడే దేశానికి ఆస్తి. ఈసారి ఆ చౌరస్తాలో బస్సు దిగినప్పుడు ఆ మహనీయుణ్ని ఒక్కసారి తలచుకోండి.