అరవై నాలుగు గళ్ల లెక్క విప్పిన అల్ బిరూనీ

గణితం బడికి సంబంధించిన విద్య అనీ, దీనీ తాలీమ్‌తో దానికి పొత్తు లేదనీ అనుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. పదో తరగతిలో శ్రేఢుల పాఠం రాగానే పిల్లలు బెదిరిపోతారు. ఆదిలాబాద్ వైపు ఒకే ఇంట్లో అన్న ఉర్దూ మీడియంలో, చెల్లెలు తెలుగు మీడియంలో చదివే కుటుంబాలున్నాయి. పేర్లు వేరైనా ఇద్దరూ చదివే లెక్క ఒక్కటే. ఆ లెక్కలోని కీలకాన్ని వెయ్యేళ్ల క్రితమే తేటగా విప్పి చెప్పిన మహావిద్వాంసుడు అబూ రైహాన్ అల్ బిరూనీ.

ఆయన 973లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలోని కాస్ పట్టణంలో జన్మించారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అబూ నస్ర్ మన్సూర్ అనే గణితవేత్త ఆయనకు గురువు. 995లో అక్కడ రాజ్యం తలకిందులు కావడంతో బిరూనీ ఊరు విడిచిపోవలసి వచ్చింది. అయినా చదువు ఆపలేదు. 997లో ఆయన కాస్‌లోనూ, అబుల్ వఫా బగ్దాద్‌లోనూ ఒకే చంద్రగ్రహణాన్ని పరిశీలించి, రెండు ఊళ్ల మధ్య కాలభేదం ఎంతో తేల్చారు.

సుమారు 1000లో, ఇరవై ఏడేళ్ల వయసులో, గుర్గాన్‌లో ఉండగా ఆయన అల్ ఆసారుల్ బాఖియా అనే గ్రంథాన్ని పూర్తి చేశారు. వివిధ జాతుల పంచాంగాలు, పండుగలు అందులోని విషయం. హిజ్రీ సంవత్సరం సూర్య సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువని మనకు తెలుసు. మన దేశంలో తొలి రోజా 2021లో ఏప్రిల్ 14న, 2022లో ఏప్రిల్ 3న, 2023లో మార్చి 24న వచ్చింది. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అయినా, ఏటా తగ్గేది దాదాపు ఒకే అంతరం. ఇలా ఒకే సంఖ్యను కూడుతూ గాని తీసివేస్తూ గాని పోయేది అంకశ్రేఢి.

అదే గ్రంథంలో బిరూనీ చదరంగం బల్ల లెక్కను కూడా చేసి చూపారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లలో రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని? ఒకే సంఖ్యతో గుణిస్తూ పోయే ఇలాంటి వరుస గుణశ్రేఢి. బిరూనీ దీనికి రెండు సూత్రాలు చెప్పారు.

మొదటిది: ఒక గడి సంఖ్యను దానితోనే గుణిస్తే, మొదటి గడి నుంచి అది ఎంత దూరమో, అంతే దూరం ముందున్న గడి సంఖ్య వస్తుంది. ఐదో గడిలో 16 ఉంటుంది. 16ను 16తో గుణిస్తే 256. అది తొమ్మిదో గడి సంఖ్య. రెండోది: ఏ గడి సంఖ్యలోనైనా ఒకటి తీసేస్తే, వెనకున్న గళ్లన్నిటి మొత్తం వస్తుంది. ఆరో గడి 32. ముందరి ఐదు గళ్ల మొత్తం 31.

ఇక 256ను దానితోనే గుణిస్తే 17వ గడి సంఖ్య 65,536. దాన్ని దానితోనే గుణిస్తే 33వ గడి సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. మరొక్కసారి అలాగే గుణిస్తే, బల్లమీద లేని 65వ గడి సంఖ్య వస్తుంది. అందులో ఒకటి తీసేస్తే జవాబు: 1,84,46,74,40,73,70,95,51,615. అరవై నాలుగు కూడికలు అక్కరలేదు. సూత్రం తెలిస్తే కొండంత లెక్క కూడా నాలుగు మెట్లలో దిగివస్తుంది.

ఈ సంఖ్య తెలుగువారికి కొత్త కాదు. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన కూడా ఇదే మొత్తాన్ని ఒక పద్యంలో పొందుపరిచాడు. అంటే తెలుగు ముస్లిం బిడ్డకు ఈ లెక్క రెండు వైపుల నుంచీ వచ్చిన వారసత్వం.

రెట్టింపు లెక్క తెలియకపోతే ఇల్లు గుల్ల కావచ్చు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష అప్పు చేస్తే, అసలు మీదనే వడ్డీ అయితే తొమ్మిదేళ్లకు మూడు లక్షల 16 వేలు. నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ పోతే మూడేళ్లకు రెండు లక్షలు, ఆరేళ్లకు నాలుగు, తొమ్మిదేళ్లకు ఎనిమిది లక్షలు దాటుతుంది. మొదటిది అంకశ్రేఢి, రెండోది గుణశ్రేఢి. వడ్డీని ధర్మం ఎందుకంత గట్టిగా నిషేధించిందో ఈ లెక్క చూసినా బోధపడుతుంది.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి బిరూనీని గజనీకి తీసుకుపోయాడు. ఆ పరాధీన స్థితిలోనూ ఆయన సంస్కృతం నేర్చి, పండితులను అడిగి తెలుసుకొని, 1030లో కితాబుల్ హింద్ రచించారు. నందనా కోట దగ్గర కొండ ఎత్తును ఆధారంగా చేసుకొని భూమి వ్యాసార్ధాన్ని గణించారు. సుల్తాన్ మస్ఊద్ పేర రాసిన ఖానూన్‌కు బహుమానంగా ఏనుగు మోసేటంత వెండి పంపితే, తనకు అక్కరలేదని తిప్పి పంపారని చెబుతారు.

ఆడపిల్లకు లెక్కలెందుకనే తల్లిదండ్రులు ఒక్క సంగతి గమనించాలి. 1029లో ఆయన అత్తఫ్హీమ్ అనే పుస్తకాన్ని రైహానా అనే మహిళ కోరిక మీద రాశారు. క్షేత్రగణితం, అంకగణితం, ఖగోళం అందులో ప్రశ్నలూ జవాబులుగా సాగుతాయి.

1050 ప్రాంతంలో గజనీలో ఆయన మరణశయ్య మీద ఉన్నారు. చూడవచ్చిన ఒక న్యాయకోవిదుణ్ని, వారసత్వంలో అమ్మమ్మ వరుసవారి వాటా గురించి అడిగారు. ఈ స్థితిలో అదెందుకని ఆయన జాలిపడితే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకొని పోవడమే మేలు కదా అన్నారట. విషయం గ్రహించి, తిరిగి అప్పజెప్పారు. వచ్చినాయన వీధిలోకి అడుగుపెట్టేలోగా ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయని చరిత్రకారులు రాశారు.

కడ ఊపిరి వరకు ఒక లెక్క కోసం తపించిన మనిషి జీవితం ఇది. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో శ్రేఢుల పాఠం దగ్గర ఆగిపోతే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద చదరంగం గళ్లు గీయించండి.