నందిగామ బిడ్డ, తొలి స్పీకరు

విజయవాడ వెళ్ళినప్పుడు కాళేశ్వరరావు మార్కెట్టు పేరు వినని వాళ్ళు మన జగ్గయ్యపేట, నందిగామల్లో ఉండరు. ఆ పేరుగల మనిషి మన నందిగామలోనే పుట్టారని మాత్రం ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలీదు. వారే శ్రీ అయ్యదేవర కాళేశ్వరరావు గారు, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొట్టమొదటి స్పీకరు.

బెజవాడలో వకీలుగా స్థిరపడ్డారు. 1906లో పెనుగంచిప్రోలు వారైన కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజావారి అండతో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు వీరూ అందులో ఉన్నారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ చేయీ చేయీ కలిపి నడిచిన రోజులవి. వీరు పలుమార్లు జైలుకు వెళ్ళారు. ఫ్రెంచి విప్లవం మీదా, తురుష్క ప్రజాస్వామ్యం మీదా తెలుగులో పుస్తకాలు రాశారు. ఖిలాఫత్ చూసినవారు తురుష్కుల గురించి రాయటంలో వింతేముంది!

మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో జగ్గయ్యపేట దాటితే నిజాం ఇలాకా. సిక్కా వేరు. కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. ఇవతల కచేరీలో ఇంగ్లీషు, అవతల ఉర్దూ. మునగాల పరగణా సంగతైతే మరీ విచిత్రం: చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా! చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉండేవి. ఇలాంటి చోట పుట్టిన మనిషి 1949లో విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షులు కావటం నాకైతే సహజంగానే తోస్తుంది. అవతలి వాళ్ళలో ఆ కలయిక ఇష్టపడని వారూ చాలామందే ఉన్నారు, అదీ చెప్పుకోవాలి.

శాసనసభ్యులుగా వారిది పాతకాపు చరిత్ర. 1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. 1946లో మళ్ళీ గెలిచారు. 1955లో విజయవాడ దక్షిణం నుంచి ఆంధ్ర శాసనసభకు వచ్చారు. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడగానే 1955లో గెలిచిన ఆంధ్ర సభ్యులూ, 1952లో గెలిచిన తెలంగాణా సభ్యులూ ఒకే సభలో కూర్చోవలసి వచ్చింది. ఇద్దరి అలవాట్లూ వేరు, అనుమానాలూ వేరు. ఆ సభకు డిసెంబరు 4న కాళేశ్వరరావు గారిని స్పీకరుగా ఎన్నుకున్నారు. 1957లో తెలంగాణాలో మాత్రమే ఎన్నికలు జరిగి 301 మంది సభ అయింది.

వారు పదవిలో ఉండగానే, 1962 ఎన్నికల నెలలో, ఫిబ్రవరి 26న కాలం చేశారు. 2014లో సరిహద్దు మళ్ళీ మన జగ్గయ్యపేట అవతలికే వచ్చి ఆగింది.