ఇంగ్లీషు వాడుకకు సాక్ష్యాలు కూర్చిన జేమ్స్ ముర్రే

ఒక మాట సరైనదో కాదో తేల్చవలసింది పండితులా, లేక ఆ భాషను నిత్యం వాడుకునే జనమా? మన దేశంలో ఇంగ్లీషు మాట్లాడేవారికీ, రాసేవారికీ ఈ ప్రశ్న ఏదో ఒక సందర్భంలో ఎదురవుతూనే ఉంటుంది. దీనికి అభిరుచితో కాక ఆధారాలతో జవాబు వెతికిన వారిలో అగ్రగణ్యులు సర్ జేమ్స్ ముర్రే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుడిగా ఆయన పేరు జగద్విదితం. అయితే దేశానికో తీరుగా, తరానికో తీరుగా మారే ఇంగ్లీషును నేడు కంప్యూటర్లతో పరిశీలిస్తున్న పద్ధతికి ఆయన కృషి ఎంతటి పునాది వేసిందో తెలిసినవారు తక్కువ.

ముర్రే 1837 ఫిబ్రవరి 7న స్కాట్లండ్ దక్షిణ సరిహద్దు ప్రాంతంలోని డెన్‌హోమ్ గ్రామంలో జన్మించారు. తండ్రి దర్జీ. ఇంటి పరిస్థితుల వల్ల పద్నాలుగేళ్లకే బడి చదువు ముగిసింది. ఆ తరువాతి చదువంతా స్వయంకృషితో సాగినదే. పదిహేడో ఏట సమీప పట్టణం హాయిక్‌లో సహాయోపాధ్యాయుడయ్యారు. ఇరవయ్యో ఏటికి ప్రధానోపాధ్యాయ పదవి దక్కింది. ఇంతలో పసిబిడ్డ మరణం, భార్య క్షయవ్యాధి ఆయన జీవితాన్ని కుదిపివేశాయి. భార్య ఆరోగ్యం కోసం 1864లో ఉద్యోగం వదిలి లండన్ చేరి, చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆస్ట్రేలియా అండ్ చైనాలో గుమస్తాగా కుదిరారు. మరుసటి ఏడే ఆమె కన్నుమూశారు. 1867లో ఏడా రథ్‌వెన్‌ను వివాహమాడారు. వారికి పదకొండు మంది సంతానం.

బ్యాంకులో లెక్కలు రాస్తూనే ముర్రే భాషాధ్యయనం కొనసాగించారు. 1870లో లండన్ శివార్లలోని మిల్ హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. 1873లో దక్షిణ స్కాట్లండ్ మాండలికంపై ఆయన గ్రంథం వెలువడింది. తాను పుట్టిన పల్లెలో వినిపించే ఉచ్చారణను, పదరూపాలను ఆయన శాస్త్రీయంగా నమోదు చేశారు. స్కాట్లండ్ దక్షిణ భాగపు పలుకుబడి, ఉత్తర ఇంగ్లండ్ పలుకుబడి ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవని, రాజ్యాల సరిహద్దులు భాషకు సరిహద్దులు కావని చూపారు. మొరటు మాటగా చులకనకు గురైన పల్లె పలుకుకు కూడా దానిదైన చరిత్ర ఉందన్న నమ్మకం ఆయనను జీవితాంతం నడిపించింది.

ఇంగ్లీషు పదాల సమగ్ర చరిత్రను సిద్ధం చేయాలన్న సంకల్పానికి లండన్ ఫిలలాజికల్ సొసైటీలో 1857లోనే బీజం పడింది. తొలి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ అకాల మరణం చెందడంతో బాధ్యత ఫ్రెడరిక్ ఫర్నివాల్‌కు సంక్రమించింది. ఆయన ఉత్సాహవంతుడే అయినా పని చెల్లాచెదురైంది. 1879లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌తో ఒప్పందం కుదిరి ముర్రే సంపాదకుడయ్యారు. అప్పుడు ఆయన ఇంటికి చేరిన చీటీల బరువు సుమారు రెండు టన్నులు. ఒక గోతంలో చచ్చిన ఎలుక, మరొక దానిలో పిల్లలతో కాపురముంటున్న చుంచు కనిపించాయి. వీటన్నింటినీ భద్రపరచడానికి ముర్రే ఇంటి ఆవరణలో ఇనుప రేకుల గది కట్టించి, దానికి స్క్రిప్టోరియం అని పేరు పెట్టారు. గోడల నిండా వెయ్యికి పైగా అరలు అమర్చారు.

పాత చీటీలు చాలవని గ్రహించి, అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లీషు చదివే ప్రజలందరికీ ఆయన ఒక విజ్ఞప్తి చేశారు. పుస్తకాలు చదివి, ఒక్కో పదానికి ఒక్కో చీటీ చొప్పున, ఆ పదం వచ్చిన పూర్తి వాక్యం, రచయిత, గ్రంథం, సంవత్సరం, పుట సంఖ్య రాసి పంపాలన్నది ఆ విజ్ఞప్తి సారాంశం. బ్రిటన్ నుంచి, అమెరికా నుంచి, వలస రాజ్యాల నుంచి చీటీలు వెల్లువెత్తాయి. కాశీలో సంస్కృతం బోధించిన అమెరికన్ పండితుడు ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్, మానసిక రోగుల ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్న వైద్యుడు విలియం మైనర్ ఎనలేని సహాయం చేశారు. ముర్రే పిల్లలు సైతం చేతిఖర్చుల కోసం చీటీలను అక్షరక్రమంలో పేర్చేవారు.

ఈ సేకరణలో ఒక లోపం ముర్రే కంట పడింది. పాఠకులకు అరుదైన పదాలే ఆకర్షణీయంగా తోచాయి. నిత్యం వాడే పదాలను వారు గమనించకుండానే దాటిపోయారు. వాడుక తప్పిన 'అబ్యూజన్'కు సుమారు యాభై చీటీలు చేరగా, అందరి నోటా వినిపించే 'అబ్యూజ్'కు అయిదు కూడా దొరకలేదు. సేకరించిన రాశి ఎంత పెద్దదైనా, అది భాష మొత్తానికి ప్రాతినిధ్యం వహించకపోతే నిర్ణయాలు తప్పుతాయి. సామాన్య పదాలను కూడా పట్టుకోవాలని ముర్రే పాఠకులను పదేపదే కోరవలసి వచ్చింది. ఎవరి వాడుకను, ఏ నిష్పత్తిలో సేకరించాలన్నదే నేటికీ కార్పస్ నిర్మాతల తొలి ప్రశ్న.

రెండో సంఘర్షణ మరింత తీవ్రమైనది. వార్తాపత్రికల్లోని వాక్యాలను ఉదాహరణలుగా ఇవ్వడం విశ్వవిద్యాలయ పెద్దలకు రుచించలేదు. మహారచయితల ప్రయోగాలే ప్రమాణమని వారి అభిప్రాయం. ముర్రే తలవంచలేదు. కొత్త పదం ముందుగా పలకరించేది పత్రికలోనే అని ఆయన ఎరుగుదురు. రాజు రాసినా, విలేకరి రాసినా నిఘంటుకారుడికి అది సాక్ష్యమే. ఆ పట్టుదలే లేకుంటే ఇంగ్లీషులో వచ్చిన మార్పుల్లో ఎన్నో నమోదు కాకుండా పోయేవి. అయినా మార్పు ఆయన కన్నా వేగంగా పరుగెత్తింది. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం అపెండిసైటిస్ వల్ల వాయిదా పడినప్పుడు ఆ పదం దేశమంతటా మారుమోగింది. నిఘంటువులో వెతికినవారికి అది కనిపించలేదు.

దేశాంతరాలు తిరిగిన పదాలకూ ఆ అరల్లో చోటు దొరికింది. మన పందికొక్కు ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. భారతదేశంలో అది పెద్ద ఎలుక. అదే పేరు ఆస్ట్రేలియాలో పిల్లలను సంచిలో మోసుకుతిరిగే వేరొక జంతువుకు స్థిరపడింది. ముర్రే సంపాదకత్వంలో 1888లో వెలువడిన తొలి సంపుటంలోనే ఈ పదం చోటుచేసుకుంది. ఒక్క ఇంగ్లీషులోనే అనేక ఇంగ్లీషులు ఉన్నాయనడానికి మన తెలుగు మాట కూడా ఒక నిదర్శనం.

పదేళ్లలో ముగియవలసిన పని అయిదేళ్లు గడిచేసరికి, 1884లో, తొలి భాగంగా 'ఎ' అక్షరంలోని 'యాంట్' వరకే వచ్చింది. మరుసటి ఏడు ముర్రే ఆక్స్‌ఫర్డ్‌కు తరలి, అక్కడి ఇంటి తోటలో మరో స్క్రిప్టోరియం నిర్మించారు. రోజులో అత్యధిక భాగం అక్కడే గడిపేవారు. 1908లో సర్ బిరుదు లభించింది. జీవితాన్ని ధారపోసిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది మాత్రం 1914లో. 1915 జూలై 26న ముర్రే కన్నుమూశారు. అప్పటికి నిఘంటువులో సగభాగం ఆయన చేతిమీదుగానే రూపొందింది. 1928లో పూర్తయిన ఆ మహాగ్రంథంలో 4,14,825 పదాలు, 18,27,306 ఉదాహరణలు ఉన్నాయి.

ముర్రే మరణించిన అర్ధ శతాబ్దానికి చీటీల స్థానంలోకి కంప్యూటర్ వచ్చింది. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి రెండేసి వేల పదాల చొప్పున 500 భాగాలు ఎంచి, నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా పది లక్షల పదాల బ్రౌన్ కార్పస్‌ను రూపొందించారు. ఈసారి ఎంపిక పాఠకుల ఇష్టానికి వదలలేదు. ఏ రకం రచన ఎంత ఉండాలో ముందే నిర్ణయించారు. ఆ 500 భాగాల్లో 88 వార్తాపత్రికలవే. అదే కొలతతో బ్రిటిష్ ఇంగ్లీషుకు మరొకటి సిద్ధమైంది. మన దేశంలో కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.వి. శాస్త్రి నేతృత్వాన, 1978లో అచ్చయిన రచనలతో భారతీయ ఇంగ్లీషుకు కార్పస్ ఏర్పడింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం కలిగింది. మూడు దశాబ్దాల ఎడంతో కూర్చిన కార్పస్‌లను పోల్చినప్పుడు 'షల్', 'మస్ట్' వంటి సహాయక క్రియల వాడుక తగ్గుతున్నట్లు తేలింది. సిడ్నీ గ్రీన్‌బామ్ ఆధ్వర్యంలో 1990లో మొదలైన అంతర్జాతీయ ఇంగ్లీషు కార్పస్ మరో అడుగు వేసింది. ఒక్కో దేశపు సంకలనంలో 500 భాగాలుంటే, వాటిలో 300 మాటల రూపంలోనివి. రేడియో, టెలివిజన్ ప్రసారాలు కూడా అందులో భాగమే.

మనవాళ్లు వాడే ఇంగ్లీషు పదబంధాన్ని ఒకప్పుడు తప్పు అని కొట్టిపారేయడం తేలిక. అది ఎన్నిచోట్ల, ఎన్నేళ్లుగా, ఎటువంటి రచనల్లో వస్తున్నదో ఇప్పుడు లెక్క చూపవచ్చు. అది ఒకరి పొరపాటో, ఒక దేశపు పలుకుబడో ఆ లెక్కే చెబుతుంది. తీర్పుకు ముందు సాక్ష్యం చూడాలన్న ఈ నియమాన్ని డెన్‌హోమ్ దర్జీ కుమారుడు ముప్పయ్యారేళ్లపాటు ఒక రేకుల గదిలో కూర్చుని, ఒక్కొక్క చీటీతో ఆచరించి చూపారు.